సీటు మాది, పగ్గం వాళ్లది

రిజర్వుడు సీటు మాకు పెట్టిన భిక్ష అనుకునే పెద్దమనుషులకు బొంబాయిలోని బైకుల్లా–పరేల్ కథ చెప్పాలి. నేను పనిచేసిన ఒక సర్కారు బళ్లో, ఎన్నికలు రాగానే స్టాఫ్‌రూములో ఇదే పాట: "మీకేంది మాస్టారూ! సీట్లు మీవే, ఉద్యోగాలు మీవే." మా ఇంట్లో డిగ్రీ మొహం చూసింది నేనొక్కణ్ణే. నా ముందు ఎన్ని తరాలు పలక పట్టలేదో ఆ పాటలో ఉండదు.

సరే, సీటు సంగతే చూద్దాం. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని ప్రకటించిన అవార్డు మా ప్రతినిధిని మేమే ఎన్నుకునే ఓటిచ్చింది. సాధారణ సీటులో ఇంకో ఓటూ ఇచ్చింది. గాంధీగారు నిరాహారదీక్ష పట్టారు. సెప్టెంబరు 24న పూనాలో సంతకాలయ్యాయి. సీట్లు 71 నుంచి 148 అయ్యాయి. ఓటు మాత్రం ఉమ్మడిలో కలిసింది. అంకె పెరిగింది, పట్టు పోయింది.

1937లో బాబాసాహెబ్ శాసనసభకు నిలబడింది బైకుల్లా–పరేల్‌లోనే. మిల్లు కూలీల పేటలు. ఆస్తో, పన్నో, చదువో ఉంటేనే ఓటున్న కాలం. కాంగ్రెస్ ఆయన మీదికి ఎవర్ని తోలింది? పాల్వంకర్ బాలూని. 1911లో ఇంగ్లండు వెళ్లి వికెట్లు కూల్చిన బౌలర్. చమార్ గనక హిందువుల జట్టుకు ఏనాడూ కెప్టెన్ కాలేదు. కెప్టెన్సీకి పనికిరాని చమారు, మహారు అంబేడ్కర్ని ఓడించడానికి పనికొచ్చాడు! నేను బాలూని తిట్టను. తోలినవాణ్ణి అడుగుతున్నా. మాలమాదిగల మధ్య ఇవాళ నడుస్తున్నదీ ఆ ఆటే గదా!

బాబాసాహెబ్‌కు 13,245 ఓట్లు, బాలూకి 11,225. అప్పుడు ఎన్ని సీట్లుంటే అన్ని ఓట్లు. అన్నీ ఒక్కరికే గుద్దొచ్చు. తక్కువ మందిమున్నా అది మా చేతి కత్తి. 1952 నాటికి ఆ కత్తి లేదు. ఒక అభ్యర్థికి ఒక ఓటే. అదే నగరంలో బొంబాయి నార్త్ లోక్‌సభ సీటులో, రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షత వహించిన మనిషి 14,561 ఓట్ల తేడాతో ఓడాడు. గెలిచింది కాంగ్రెస్ పెట్టిన ఇంకో దళితుడు, కజ్రోల్కర్.

1961లో జంట సీట్లూ రద్దయ్యాయి. రిజర్వుడు సీటులో నిలబడేది మావాడే. కానీ అక్కడా ఎక్కువ ఓట్లు ఊరివే. టిక్కెట్టిచ్చేదీ ఊరే. పల్లె గొంతు గట్టిగా వినిపించేవాడికి మళ్లీ టిక్కెట్టు రాదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఎన్ని సీట్లని లెక్కపెట్టుకుని మురిసిపోవద్దు. ఆ సీట్లో మనవాణ్ణి ఎక్కించేదెవరు, దించేదెవరు? అది తేలేదాకా అడగాల్సిందే.