చివరి మూల

2006 జనవరి 4న పసడీనాలోని రోజ్ బౌల్ మైదానంలో జరిగిన కాలేజీ ఫుట్‌బాల్ ఆటను ఈమధ్య మొదటినుండి చివరిదాకా మళ్ళీ చూసాను. ఆ ఆటపై ఇరవయ్యేళ్ళుగా నాకొక స్థిరమైన అభిప్రాయం ఉండేది. గెలవవలసిన సదర్న్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (అందరూ పిలిచే పేరు యూఎస్‌సీ) ఓడిపోయింది కేవలం చివర్లో ఒక మూలను ఖాళీగా వదిలేసిన కుర్రవాడి వల్లనేనని. ఈ మాటను ఆ రాత్రి నలుగురిలో గట్టిగానే అన్నాను. ఆ తర్వాత కూడా సందర్భం దొరికినప్పుడల్లా అంటూనే వచ్చాను. మళ్ళీ చూసాక, అది తప్పని తోచింది. నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే సరిదిద్దుకోవాలి కనుక ఈ టపా.

అమెరికన్ ఫుట్‌బాల్ అంటే ఒకరిమీదొకరు పడి దొర్లడమే అనుకునే మిత్రుల కోసం రెండు ముక్కలు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు, పోలేకపోతే బంతి ఎదుటివారిది. బంతిని అందుకుని, విసరాలా, ఇంకొకరికి ఇవ్వాలా, తానే పరుగెత్తాలా అని తేల్చుకునేవాడు క్వార్టర్‌బాక్. అతణ్ణి ఆపడం ఎదుటి పదకొండుమంది పని. ఈ కథకు ఇంతకుమించి అవసరం లేదు.

ఆ రాత్రి యూఎస్‌సీకి ఎదురుగా నిలిచింది టెక్సాస్ విశ్వవిద్యాలయం. ఇద్దరూ ఆ ఏడు ఓటమి ఎరగనివారే. యూఎస్‌సీ అయితే వరసగా 34 ఆటలు గెలిచి వచ్చింది. ఆటలో ఇంకా 6 నిమిషాల 42 సెకన్లు ఉన్నాయనగా 38-26తో ముందంజలో ఉంది. మా అపార్టుమెంటులో పిజ్జా పెట్టెల నడుమ కూర్చున్న నలుగురిలో ముగ్గురం ఆట అయిపోయిందనే అనుకున్నాం. కాలేదు. టెక్సాస్ క్వార్టర్‌బాక్ విన్స్ యంగ్ 17 గజాలు తానే పరుగెత్తి తేడాను అయిదుకు దింపాడు. చివరికి ఎనిమిది గజాల దూరంలో, నాలుగో ప్రయత్నంలో, అయిదు గజాలు కావలసిన చోట, బంతి పుచ్చుకుని వెనక్కి జరిగి, విసరడానికెవ్వరూ దొరక్క, కుడివైపు మూలకు పరుగెత్తాడు. ఒక్క చెయ్యి కూడా అతనికి తగలలేదు. ఇంకా మిగిలినవి 19 సెకన్లు. దానిపైన అదనంగా దొరికే రెండు పాయింట్లనూ అతనే పరుగెత్తి తెచ్చాడు. 41-38.

ఆ పరుగును ఎన్నిసార్లు చూసినా కంటికి కనబడేది ఒకటే. కుడిమూల ఖాళీ. ఖాళీగా ఉన్నదంటే అక్కడ ఉండవలసినవాడెవడో లేడన్నమాట. లేనివాణ్ణి తిట్టడం సులువు.

చిన్నప్పుడు చెడుగుడు ఆడినవారికి ఈ సంగతి నేను వేరే చెప్పనక్కరలేదు. కూతకు వచ్చినవాణ్ణి పట్టేది ఎవరైనా, పారిపోకుండా చూసేది మాత్రం మూలన నిలబడ్డవాడు. వాడు తొందరపడి కాలు పట్టడానికి ముందుకు దూకాడా, వాడి వెనకనుంచే దారి తెరుచుకుంటుంది. ఫుట్‌బాల్‌లోనూ అంతే. కొస కాపలా ఉన్నవాడు క్వార్టర్‌బాక్‌ను పడగొట్టాలన్న ఆశతో లోపలికి దూరిపోకూడదు. తనకు పేరు రాకపోయినా సరే, అతణ్ణి మధ్యలోకి, మిగతావారి చేతుల్లోకి తోలుకురావాలి. అది కనబడని పని. సరిగ్గా చేసినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టరు.

నేను కూడా మూలవాణ్ణే. ఎనిమిదో తరగతిలో పక్క ఊరితో ఆడిన ఆటలో నా చేతిలోనుండి ఒకడు జారి గీత తాకాడు. ఓడిపోయాం. వారంపాటు బడిలో నన్ను చూసి గీత తాకినట్టు అభినయించనివాడు లేడు. నా పక్కన చెయ్యి పట్టుకుని నిలబడవలసినవాడు అంతకు క్షణం ముందే గొలుసు వదిలేసాడని చెప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. చెప్పినా వినేవారా? ఇంత అనుభవం ఉండీ నేను చేసినదేమిటి? ముక్కూమొహం తెలియని ఇరవయ్యేళ్ళ కుర్రవాడిమీద అదే నింద వేసాను.

ఇక ఆట మొత్తం చూడండి. విన్స్ యంగ్ ఆ రాత్రి 19 సార్లు పరుగెత్తి 200 గజాలు సంపాదించాడు. అంటే పరుగుకు పది గజాలకు పైమాట. మరోపక్క 40 విసుర్లలో 30 సరిగ్గా చేర్చి ఇంకో 267 గజాలు తెచ్చాడు. టెక్సాస్ మొత్తం 556 గజాలలో ఆరింట అయిదు వంతులు ఈ ఒక్కడివే. అతను పరుగెత్తి చేసిన టచ్‌డౌన్లు మూడు, వాటిలో చివరి మూల కథ మూడోది మాత్రమే. మొదటి పరుగునాడు తెలియలేదనుకుందాం. పదో పరుగుకు తెలియవద్దా?

ఇక్కడే నాకు అసలు చిక్కు అర్థమయింది. ఇటువంటి క్వార్టర్‌బాక్ ఎదురైతే రక్షకులకు రెండే దారులు. మీదికి ఉరికితే వారు ఖాళీ చేసిన సందుల్లోంచి పరుగెత్తుతాడు. ఉరకకుండా హద్దులు కాచుకుని నిలబడితే, నింపాదిగా ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి విసురుతాడు. నష్టం లేని దారి లేదు. చెయ్యగలిగిందల్లా ఏ నష్టం భరించగలమో ముందే తేల్చుకుని దానికి కట్టుబడడం. అతను ఎన్నిసార్లయినా విసరనీ, పరుగెత్తడం మాత్రం కుదరనివ్వం అనుకోవచ్చు. అప్పుడు ఒక లైన్‌బాకర్‌ను ప్రత్యేకించి అతని నీడలా తిప్పాలి, ముందువరస తమ తమ దారులు విడవకూడదు. లేదా దానికి పూర్తిగా విరుద్ధం. యూఎస్‌సీ ఆ రాత్రి కాసేపు ఇదీ, కాసేపు అదీ చేసినట్టు నాకు కనబడింది. తీర్మానం లేని చోట ప్రతి ఆటగాడూ తన తీర్మానం తానే చేసుకుంటాడు. ఆ పదకొండు తీర్మానాలూ ఒకదానితో ఒకటి అతకవు. మూల ఖాళీ అయింది ఆ చివరి ఆరేడు సెకన్లలో కాదు, మధ్యాహ్నం గదిలో బోర్డుమీద గీతలు గీసినప్పుడే.

(ఇటువంటి చోట పద్మవ్యూహాన్ని తీసుకురావడం మనవాళ్ళకు అలవాటు. నేను తీసుకురాను. అక్కడ బయటికి రావడం తెలియనివాడు చనిపోయాడు, ఇక్కడ బయటికి రావడం తప్ప ఇంకేమీ అక్కరలేనివాడు గెలిచాడు.)

నిజానికి చివరి పరుగుకంటే నన్ను ఎక్కువ బాధపెట్టిన తప్పు అంతకు కొద్ది క్షణాల ముందరిది. మూడో ప్రయత్నం, 12 గజాలు కావాలి. యంగ్ విసిరిన బంతి ఏడు గజాలకే అందింది. అక్కడ పడేస్తే చాలు, నాలుగో ప్రయత్నానికి ఇంకా అయిదు గజాలు ఉండేది. కానీ పడేసిన రక్షకుడి వేళ్ళు ఎదుటివాడి శిరస్త్రాణం ముందరి ఇనపకడ్డీలకు తగులుకున్నాయి. దానికి జరిమానా సరిగ్గా అయిదు గజాలు. ఏడూ అయిదూ పన్నెండు! మళ్ళీ నాలుగు ప్రయత్నాలు. బుద్ధిపూర్వకం కాని తగులుకు వేసే ఆ అయిదు గజాల జరిమానాను కాలేజీ నిబంధనలనుండి 2008లో తీసేసారు. ఆ కుర్రవాడి పేరు నాకు తెలుసు, వెదికితే మీకూ దొరుకుతుంది. ఇక్కడ మాత్రం వ్రాయను. తప్పు అతనిదే, సందేహం లేదు. అయితే అది చేతివేళ్ళ తప్పు. ఆలోచన తప్పు వేరు.

ఆలోచన అనగానే శిక్షకుడు పీట్ కారల్ గుర్తుకు రావాలి. 38-33తో ముందున్నప్పుడు, 2 నిమిషాల 9 సెకన్లు మిగిలి ఉండగా, టెక్సాస్ 45 గజాల గీత దగ్గర నాలుగో ప్రయత్నానికి రెండు గజాలు కావలసివచ్చింది. బంతిని దూరంగా తన్ని టెక్సాస్‌ను వెనక్కి నెట్టవచ్చు. కారల్ తన్నించలేదు. లెన్‌డేల్ వైట్‌కు బంతి ఇచ్చారు. అతను ఒక గజం దగ్గర ఆగిపోయాడు. మర్నాడు దేశమంతా దీన్నే తప్పుపట్టింది. నేను తప్పుపట్టను. ఆ రెండు గజాలు వస్తే ఆట దాదాపు ముగిసినట్టే. ఈ రోజుల్లో లెక్కలు కట్టేవారిలో చాలామంది ఇదే మెచ్చుకుంటారు. కానీ ఆ నిర్ణయంలో ఒక ఒప్పుకోలు ఉంది. కారల్ స్వతహాగా రక్షణ నేర్పే గురువు. అటువంటివాడు తన రక్షకులను నమ్మి బంతిని తన్నించకుండా, యంగ్ చేతికి అసలు బంతే రానివ్వకూడదని చూసాడంటే, వాళ్ళవల్ల కాదని అతనికి అప్పటికే తెలిసినట్టే కదా! ఇది నా ఊహే. మరి తెలిసినవాడు ఆ వాళ్ళకు కొత్తగా ఏం చెప్పాడు? ఆ తర్వాత జరిగిన 56 గజాల ప్రయాణంలో నాకు కొత్తదేమీ కనబడలేదు.

ఇంకొక సంగతి. ఆ రాత్రి యూఎస్‌సీ సంపాదించిన గజాలు 574. అంటే గెలిచిన టెక్సాస్ రక్షకులు ఓడిన యూఎస్‌సీ రక్షకులకంటే ఎక్కువే ఇచ్చుకున్నారు! వైట్ ఒక్కడే మూడు టచ్‌డౌన్లు చేసాడు. వారి తప్పులమీద విశ్లేషణలు మీరెక్కడైనా చదివారా? నేను చదవలేదు. ఒక్క నాలుగో ప్రయత్నంలో ఒక్క గజం ఆపారు, దానితో మిగతావన్నీ మాఫీ. ఈ పద్ధతి క్రికెట్‌లో మనకు కొత్తేమీ కాదు. గెలిచిన ఆటలో వదిలేసిన క్యాచ్ ఎవరికి గుర్తు?

ఆ కుర్రవాళ్ళు విద్యార్థులన్న మాట కూడా మరిచిపోకూడదు. 2006లో వాళ్ళకు దక్కేది చదువు ఖర్చూ, తిండీ, వసతీ మాత్రమే. 93 వేలపైగా జనం టిక్కెట్లు కొని కూర్చున్న మైదానంలో ఆడినవాడికి జీతం లేదు, ఆడించినవాడికి ఉంది. తమ పేరుతో సంపాదించుకునే హక్కు ఆటగాళ్ళకు 2021లో వచ్చింది, విశ్వవిద్యాలయాలు నేరుగా డబ్బు ఇవ్వడం 2025లో మొదలయింది. ఇప్పుడు ఎవరైనా కాస్త గట్టిగా తిట్టినా సర్దుకోవచ్చేమో కానీ, అప్పటి లెక్క వేరు. జీతం పుచ్చుకుని వ్యూహం గీసినవాడు 2014 ఫిబ్రవరిలో సియాటిల్ జట్టుతో డెన్వర్‌ను 43-8తో ఓడించి సూపర్ బౌల్ గెలిచాడు. అదీ రక్షణ బలంతోనే! మంచి గురువే, కాదనను. పసడీనాలో ఆ ఒక్క రాత్రి పాఠం సరిగ్గా చెప్పలేదు, అంతే.

ఆ రాత్రి మా నలుగురిలో టెక్సాస్ పక్షం వహించిన నాలుగోవాడికి మొన్న ఫోను చేసి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "ఇన్నేళ్ళకు నీకు తెలివి వచ్చిందన్నమాట. అయితే ఆ నాలుగో ప్రయత్నానికి రెజీ బుష్‌ను బయట ఎందుకు నిలబెట్టారో కూడా చెప్పు," అన్నాడు. ఆ ఏడు దేశంలోకెల్లా ఉత్తమ ఆటగాడని హైజ్‌మన్ బహుమతి అందుకున్నవాడు, కావలసిన ఆ రెండు గజాలను గీత బయటినుండి చూస్తూ నిలబడ్డాడు. రక్షకులు అతని మీద కూడా ఒక కన్ను వేసి ఉంచవలసివచ్చేది, వైట్‌కు కాస్త సందు దొరికేది. నా దగ్గర సమాధానం లేదన్నాను. తన దగ్గర కూడా లేదన్నాడు.