తలూపే ప్రాసిక్యూటర్ మాకొద్దు

2007 ఆగస్టు 20న పాడేరు ఏజెన్సీ వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆడబిడ్డలు చెప్పారు. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులను విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగా జరగలేదంది, బాధితులకు పరిహారం ఇమ్మంది. దర్యాప్తు చెడిందని తేలడానికి పదిహేనేళ్లు దాటాలా?

పోలీసులు, ప్రాసిక్యూటర్లు కలిసి పనిచేయాలంటారు. మేమూ అదే అంటాం. కానీ కలవడమంటే తలూపడం కాదు, నిలదీయడం. వైద్య పరీక్ష ఎప్పుడు చేయించారు? గుర్తింపు పరేడ్ ఏది? విచారణకు ముందే ప్రాసిక్యూషన్ లోపాలు సరిచేయించాలని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది.

అడిగేవాళ్లు మనలోంచే రావాలి. లాలాపేట్ గదుల్లో ఉంటూ ఉస్మానియాలో లా చదివే మన పిల్లలారా, ఆ కుర్చీ మీకోసం చూస్తోంది.