ఆ ఫైలు ఎక్కడుందో మీ ఇంట్లో ఎంతమందికి తెలుసు?

వికలాంగులకు ప్రభుత్వం ఏమీ చేయడం లేదని చాలామంది అంటూ ఉంటారు. నేనైతే ఆ మాట పూర్తిగా ఒప్పుకోనండీ. పెన్షను ఉంది, చదువు ఉంది, ఉచితంగా చూసే ఆసుపత్రి ఉంది, రైలు టికెట్టులో తగ్గింపు కూడా ఉంది. కానీ ఒక్కొక్కటి ఒక్కో చోట ఉంది. సర్టిఫికెట్ ఇచ్చేది పెద్దాసుపత్రి. పెన్షను దరఖాస్తుకు సచివాలయమో, మండలాఫీసో. చదువు సంగతి విద్యాశాఖది. చక్రాల కుర్చీ కావాలంటే జిల్లా వికలాంగుల సంక్షేమ శాఖ. ఒక ఆఫీసులో ఇచ్చిన కాగితం గురించి ఇంకో ఆఫీసుకు తెలియదు. మరి ఇవన్నీ కలిపి చూసుకునేది ఎవరు? ఇంకెవరు, అమ్మే! ఆవిడకు జీతమూ లేదు, సెలవూ లేదు. అసలు భయపడాల్సింది ఇంకొకటి ఉంది. ఆ వివరాలన్నీ ఆవిడ బుర్రలో తప్ప ఇంకెక్కడా ఉండవు.

మా పక్క వీధిలో ఒకావిడకు పదహారేళ్ల కూతురుంది. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడుకు దెబ్బ తగిలి కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేకపోవడం. దానికి తోడు ఫిట్స్. ఆవిడ ఒకరోజు బాత్‌రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. పన్నెండు రోజులు ఆసుపత్రిలో. ఆయన మంచివాడే, పిల్లంటే ప్రాణం. కానీ మందుల అట్ట చేతిలో పట్టుకుని, పొద్దున రెండా రాత్రి రెండా తెలియక నిలబడిపోయాడు. భార్యను అడుగుదామంటే అప్పటికే ఆపరేషను గదిలోకి తీసుకెళ్లిపోయారు. రెండు పూటలు మందు తప్పింది. మూడో రోజు పిల్లకు ఫిట్స్ వచ్చాయి. ఫిట్స్ మందు హఠాత్తుగా ఆపితే అలాగే అవుతుందని డాక్టర్లు ఎప్పుడూ చెప్పేదే. ఆ వారమే పిల్ల సర్టిఫికెట్ గడువు కూడా తీరిపోయింది. అది టెంపరరీ సర్టిఫికెట్ అన్న సంగతి కూడా ఆయనకు తెలియదు, పాపం.

కాబట్టి ఇలాంటి బిడ్డ ఉన్న అక్కచెల్లెళ్లు ముందు ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం కొనండి. మొదటి పేజీలో మందుల పేర్లు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట ఎన్ని అన్నది పెద్ద అక్షరాలతో రాయండి. డాక్టరుగారి పేరు, ఫోను నంబరు, బ్లడ్ గ్రూపు కూడా. రెండో పేజీలో మీకు తప్ప ఎవరికీ తెలియనివి రాయండి. అన్నం ఎంత మెత్తగా కలిపితే గొంతులో పడదు, నీళ్లు గ్లాసుతో తాగుతుందా చెంచాతోనా, బాత్‌రూముకు వెళ్లాలంటే ఏం సైగ చేస్తుంది, కుక్కర్ విజిల్ వేస్తే భయపడుతుందా, ఏ పాట పెడితే ఊరుకుంటుంది. ఇది చిన్న విషయంలా కనబడుతుంది గానీ, కొత్త మనిషి ఆ బిడ్డ దగ్గర ఒక్క పూట గడపాలంటే ఈ పేజీయే ఆధారం. మూడో పేజీలో తేదీలు. ఫిజియోథెరపీ ఏ రోజు, సర్టిఫికెట్ గడువు ఎప్పటిదాకా, బీమా రెన్యువల్ ఎప్పుడు.

ఇక ఫైలు. అసలు కాగితాలు ఒక కవరులో, జిరాక్సులు ఇంకో కవరులో, అయిదారు పాస్‌పోర్టు ఫోటోలు. పాత ఆసుపత్రి చీటీలు, స్కానింగు రిపోర్టులు పారేయకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో వికలాంగుల పెన్షన్లకు మళ్లీ వైద్య పరీక్షలు జరిపారు. అలాంటప్పుడు బిడ్డకు చిన్నప్పటినుంచీ ఉన్న స్థితి చూపించేవి ఆ పాత చీటీలే.

అన్నిటికన్నా ముందు సంపాదించాల్సింది వైకల్య సర్టిఫికెట్. మన రెండు రాష్ట్రాల్లోనూ సదరం సర్టిఫికెట్ అంటే అందరికీ తెలుసు. ఇప్పుడు దేశమంతటికీ పనికొచ్చే యూడీఐడీ కార్డు వచ్చింది. సాధారణంగా నలభై శాతం, ఆపైన ఉంటే పథకాలకు అర్హత. 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టంలో ఇరవై ఒకటి చేశారు. ఆటిజం, తలసేమియా, చదువులో వెనకబడే డిస్లెక్సియా లాంటివి కూడా అందులో ఉన్నాయి. ఎప్పుడో ‘మీవాడికి రాదు’ అని పంపేశారని ఊరుకున్నవాళ్లు మళ్లీ ఒకసారి అడగండి.

పెన్షను ఆంధ్రప్రదేశ్‌లో 2024లో మూడు వేల నుంచి ఆరు వేలు అయ్యింది. తెలంగాణలో 2023లో 4,016 చేశారు. చదువుకైతే మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. కదల్లేని పిల్లలకు టీచరు ఇంటికే వచ్చి చెప్పే పద్ధతి కూడా ఉంది, అడిగితేనే తెలుస్తుంది. బుద్ధి ఎదుగుదల సంగతి తేల్చుకోవాలంటే సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ 1984 నుంచి ఉంది. తోడు లేకుండా ప్రయాణం చేయలేని పిల్లలకు రైల్లో స్లీపరు క్లాసు టికెట్టులో డెబ్బై అయిదు శాతం తగ్గింపు, తోడు వెళ్లేవారికీ అంతే. అంత దూరం ఎలా వెళ్తాం అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

పద్దెనిమిదేళ్ల సంగతి మాత్రం కాస్త నిదానంగా చదవండి. మన బిడ్డే కదా, ఎన్నేళ్లొచ్చినా మనమే సంతకం పెడతాం అనుకుంటాం. చట్టం అలా అనుకోదు. పద్దెనిమిది నిండితే ఎవరైనా మేజరే. బుద్ధి ఎదగని పిల్లవాడి పేర బ్యాంకు ఖాతా నడపాలన్నా, వాడి వాటా ఆస్తి కాగితాల మీద సంతకం కావాలన్నా, ‘మీరు గార్డియను అని కాగితం ఏదీ?’ అంటారు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్లకు ఈ కాగితం జిల్లాలోనే ఇస్తారు. కలెక్టరుగారి అధ్యక్షతన లోకల్ లెవెల్ కమిటీ అని ఉంటుంది. తల్లిదండ్రులే కాదు, దగ్గరి బంధువులు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ ట్రస్టుదే నిరామయ అని ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తించే ఆరోగ్య బీమా ఉంది. ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. ఆయన ప్రభుత్వ ఉద్యోగి అయితే, సంపాదించుకోలేని బిడ్డకు తల్లిదండ్రుల తర్వాత ఫ్యామిలీ పెన్షను వచ్చే అవకాశం కూడా ఉంది. బిడ్డ పేరు ఇప్పుడే ఆఫీసు రికార్డుల్లో ఎక్కించమని ఆయన వెంట పడండి. రిటైరయ్యాక చూద్దాం అంటే వినకండి.

మన తర్వాత ఎవరు చూస్తారన్న మాట రాగానే అందరి చూపూ పెళ్లికావలసిన అక్క మీదకో తమ్ముడి మీదకో పోతుంది. వాళ్లకు నోటుపుస్తకం చూపించండి, సర్టిఫికెట్ పనికి ఒకసారి వెంట తీసుకెళ్లండి. అంతేగానీ, ‘నువ్వే చూడాలి’ అని చిన్నప్పటినుంచీ ప్రమాణం చేయించుకోవడం నాకు నచ్చదు. అలా చేయించుకున్న ఇళ్లలో ఆ పిల్ల పెళ్లి మాట వచ్చినప్పుడల్లా ఏడుపే.

అలాంటి బిడ్డ మన ఇంట్లో లేకపోతే మనకేం పని అంటారా? మా పక్క వీధి ఆవిడ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. బుధవారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఇద్దరం ముగ్గురం వంతులవారీగా వెళ్లి ఆ పిల్ల దగ్గర కూర్చుంటున్నాం. రెండో పేజీ చదువుకునే వెళ్తాం. ఆ రెండు గంటల్లో ఆవిడ బ్యాంకుకు వెళ్తుందో, నిద్రే పోతుందో మేం అడగం. నోటుపుస్తకం ఫ్రిజ్ పైన, ఫైలు దాని కింద అరలో, ఇంట్లో అందరికీ కనబడేలా పెట్టుకుంది.

పిల్లలకు అన్నం మెత్తగా కలపడం గురించి, గొంతులో పడకుండా తినిపించడం గురించి వచ్చే వారం విడిగా రాస్తాను.