విద్యార్థి నిద్రకు బాధ్యులెవరు?

ఉదయపు ప్రార్థన ముగిసి మొదటి పీరియడు ప్రారంభమైన పావుగంటకు మా పదవ తరగతి గదిలోనికి ఎవరైన తొంగిచూచినయెడల ఒక వింత కానవచ్చును. వెనుక బల్లలమీద నలుగురైదుగురు బాలురు కన్నులు తెరచియే నిద్రించుచుందురు. పుస్తకము తెరచియుండును, వ్రేలు పంక్తిమీదనే యుండును, మనస్సు మాత్రము అచ్చట నుండదు. ఇది సోమరితనమని మేము చిరకాలము తలచితిమి. సోమరితనమునకు మందు దండనమే యనియు తలచితిమి. ఆ తలంపు తప్పని మాకు బోధించినవాడు ఒక విద్యార్థి.

ఆ బాలుడు గణితమున చురుకైనవాడు. గత సంవత్సరము అర్ధ సంవత్సర పరీక్షలకు ముందు మొదటి పీరియడులో అనుదినము కునుకుచుండుటచే, వానిని బల్లమీద నిలువబెట్టితిమి. వాడు నిలుచుండియే కునికెను. తరగతి యంతయు నవ్వెను, మేమును నవ్వితిమి. సాయంకాలము వానిని పిలిచి మెల్లగా ప్రశ్నించినపుడు గాని సంగతి తెలియలేదు. వాని తల్లి బస్సుల నిలయము చెంత టిఫిను బండి నడుపుచున్నది. వేకువను నాలుగున్నరకు లేచి ఆమెకు నీళ్లు తోడియిచ్చి, చట్నీ రుబ్బి, బండి త్రోసికొనిపోయి నిలిపి, అచ్చటినుండి ఏడున్నరకు మేము పెట్టిన స్టడీ అవరునకు పరుగున వచ్చుచున్నాడు. రాత్రి ట్యూషను ముగిసి యిల్లు చేరునప్పటికి తొమ్మిది దాటును. పిదప ఇంటిపని. ఇల్లు ఒకే గది. అందులో టెలివిజను పదకొండు గంటలవరకు మ్రోగుచునే యుండును. ఊరందరికిని ఇడ్డెనలు పెట్టు తల్లి కుమారుడు తాను తినుటకు వేళలేక పస్తుతో బడికి వచ్చుచున్నాడు. అట్టివానిని మేము బల్లయెక్కించితిమి. ఈ మాట వ్రాయుటకు మాకు సిగ్గుగా నున్నది, అయినను వ్రాయుచున్నాము. ఏలయన, ఆ బాలుడొక్కడే కాడు.

నిద్ర యనునది పనిలేనివారి వినోదమని మనలో ఒక దురభిప్రాయము గలదు. మన ప్రాచీన వైద్యులు అట్లు తలంపలేదు. చరకసంహితలో దేహమును నిలుపు మూడు ఊతలలో ఆహారముతోపాటు నిద్రయు లెక్కింపబడినది. నేటి శాస్త్రజ్ఞులును దీనినే మరియొక విధముగా స్థాపించుచున్నారు. గాఢనిద్రలోనే దేహమును పెంచు రసము మెండుగా స్రవించును. పగలు చదివినదానిని మెదడు కుదుర్చుకొని జ్ఞాపకమున నిలుపుకొనుటకును నిద్రయే ప్రధాన సాధనము. కావున చదువుకొరకై నిద్రను చంపుకొనుట, కుండ నింపుటకై కుండ అడుగును చిల్లిపొడుచుకొనుట వంటిది.

పిల్లలు పెద్దవారగుచున్నకొలది నిద్ర తక్కువ చాలునని పెక్కుమంది యెంచుదురు. అమెరికా దేశమున స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందు 1976 మొదలుకొని మేరీ కార్స్కడన్ అను విదుషీమణియు, ఆమె సహచరులును కొన్ని వేసవులపాటు బాలబాలికలను ఒకచోట నుంచి, రాత్రికి పది గంటలు పరుండ నిచ్చి పరిశీలించిరి. వయస్సుతో నిద్ర తగ్గునని వారును ముందు ఊహించియుండిరి. కాని యేటేట ఎదుగుచున్నను పిల్లలు ఇంచుమించు తొమ్మిదేసి గంటలు నిద్రించుచునే యుండిరి. అంతియకాక, యౌవనము ప్రవేశించిన పిదప అంత నిద్రించియు పగటివేళ మునుపటికంటె ఎక్కువ మత్తుగా నుండిరి. 13 మొదలు 18 సంవత్సరముల వయస్సువారికి దినమునకు 8 మొదలు 10 గంటల నిద్ర కావలెనని అమెరికాలోని నిద్రావైద్యుల పరిషత్తు 2016లో నిర్ణయించినది.

మరియొక విశేషము గలదు. చీకటి పడిన పిదప నిద్రవేళ యైనదని దేహమునకు తెలుపు మెలటోనిన్ అను పదార్థము మెదడులో పుట్టును. కౌమారమున ఇది చిన్ననాటికంటె ఆలస్యముగా పుట్టును. కాబట్టి పదునైదేండ్ల బాలునకు తొమ్మిది గంటలకే నిద్ర రాకుండుట వాని మొండితనము కాదు, వయోధర్మము. కన్నులకు దగ్గరగా వెలుగు సెల్‌ఫోను ఆ ఆలస్యమును ఇంకను పెంచును. ఆలస్యముగా నిద్రించువానిని ముందుగా లేపినచో మిగులునదేమి?

ఒక పదవ తరగతి విద్యార్థి దినచర్యను లెక్కించి చూతము. రాత్రి పదకొండున్నరకు పరుండి, వేకువను నాలుగున్నరకు లేచినచో నిద్ర 5 గంటలు. కావలసినది తక్కువలో తక్కువ 8 గంటలు. దినమునకు 3 గంటల అప్పు. ఆరు దినములకు 18 గంటల అప్పు. అనగా ప్రతి వారమును రెండు నిండు రాత్రుల నిద్రకంటె ఎక్కువ వాడు పోగొట్టుకొనుచున్నాడు. ఆదివారమునాడు మధ్యాహ్నమువరకు పరుండి కొంత తీర్చుకొనబోవును, అప్పుడు ఇంటివారు, “పగలంతయు నిద్రయేనా?” యని కోపింతురు.

ఈ అప్పు చేసినదెవరు? ఇచ్చటనే మేము చెప్పదలచిన ముఖ్యాంశమున్నది. ఎవరిని అడిగినను “మేము కొంచెమే తీసికొంటిమి” అందురు. గణితోపాధ్యాయుడు ఒక గంట పని యిచ్చును. ఆంగ్లోపాధ్యాయుడు ముప్పావుగంట పని యిచ్చును. సామాన్యశాస్త్రము, సాంఘికశాస్త్రము, తెలుగు వంతులు ఇంకను మిగిలియుండును. విడివిడిగా చూచినచో ఏదియు అధికము కాదు. మొత్తమును కూడినవారు లేరు. బడి స్టడీ అవరు పెట్టును. ట్యూషను మాస్టరు మరి రెండు గంటలు పుచ్చుకొనును. ఇంటివారు పనులు చెప్పుదురు. మిగిలినదానిని విద్యార్థి తానే సెల్‌ఫోనునకు అర్పించును. పగటికి కాలనిర్ణయ పట్టిక గలదు, గంట గలదు, హాజరు పుస్తకము గలదు. రాత్రికి మాత్రము కావలివాడు లేడు. కావలి లేని చేనిలో ఎవరి పశువైనను మేయును.

బాలికల విషయము మరింత చింతింపదగినది. అన్న భోజనము చేసి పుస్తకము ముందు కూర్చుండును. చెల్లెలు గిన్నెలు తోమి, ప్రక్కలు పరచి, పది గంటలకు పుస్తకము తెరచును. తెల్లవారకముందే లేచి వాకిలి యూడ్చి కళ్లాపి చల్లునదియు ఆమెయే. ఇద్దరును అదే పరీక్ష వ్రాయవలెను.

“మా కాలమున మేము బ్రాహ్మీ ముహూర్తముననే లేచి చదువలేదా?” యని పెద్దలు కొందరు మమ్మడుగుదురు. చదివిరి, నిజమే. కాని ఆ పెద్దల ఇండ్లలో దీపములు ఎన్ని గంటలకు ఆరిపోవుచుండెను? కిరసనాయిలు పొదుపు చేయవలసిన ఇంట ఎనిమిదిగంటలకే అందరును పరుండెడివారు. వేకువ మేల్కాంచుట ఒక నాణెమునకు ఒక ముఖము. పెందలకడ పరుండుట రెండవ ముఖము. మనము మొదటి ముఖమును దాచుకొని రెండవదానిని అరగదీసితిమి.

“మార్కులు రాకున్న బ్రతుకెట్లు?” అనునది రెండవ ప్రశ్న. ఇది తేలికగా త్రోసివేయదగినది కాదు. టిఫిను బండి నడుపు తల్లికి కుమారుని చదువే ఆస్తి. ఆమె భయమును మేమెరుగుదుము. కాని నిద్ర పెరిగినచో చదువు తరుగునా యను సంగతి ఇతరచోట్ల పరీక్షింపబడియే యున్నది. అమెరికాలోని సియాటిల్ నగరమున 2016లో హైస్కూళ్ల ప్రారంభవేళను ఉదయము 7-50 నుండి 8-45కు మార్చిరి. విద్యార్థులు ఆ గంటను రాత్రి మేలుకొనుటకు వినియోగింతురని కొందరు శంకించిరి. మణికట్టునకు పరికరములు కట్టి కొలిచి చూడగా, బడి దినములలో నిద్ర 34 నిమిషములు పెరిగినట్లు తేలెను. పేదపిల్లలు అధికముగా నున్న పాఠశాలలో ఆలస్యములును, గైరుహాజరులును తగ్గెను. ఈ ఫలితములు 2018లో ప్రకటింపబడినవి. “మన బడి గంట తొమ్మిదికి గదా” యని అనవచ్చును. గంట తొమ్మిదికే, కాని స్టడీ అవరు ఏడున్నరకు! అనగా, సియాటిల్‌వారు వేకువ యని విడిచిన వేళకంటెను ముందే మేము మా పిల్లలను కూర్చుండబెట్టుచున్నాము.

కునుకుపాటున కంతకును నిద్రలేమియే కారణమని మేమనము. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందియు, బాలురలో నూటికి 31 మందియు రక్తహీనత గలవారని తేలినది. రక్తము తక్కువైన బిడ్డ ఎంత నిద్రించినను అలసియే యుండును. వారమునకొకమారు బడిలో ఇచ్చు ఇనుపధాతువు మాత్రను ముఖము చిట్లించుకొని కిటికీలోనుండి పారవేయు విద్యార్థినులకు ఈ సంఖ్య తెలియవలెను. ఉదయము ఏమియు తినక వచ్చినవానికి మధ్యాహ్న భోజనపు గంటవరకు పాఠము చెవికెక్కదు. 5 మొదలు 17 ఏండ్లవారికి దినమునకు 60 నిమిషములైనను చెమటపట్టు వ్యాయామము కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచుండగా, పదవ తరగతివారి ఆటల పీరియడును గణితమునకు పుచ్చుకొన్నవారము మేమే. అన్నము, ఆట, నిద్ర యను మూడును ఒక పొయ్యికి మూడు రాళ్లు. ఒకటి తొలగినచో కుండ ఒరుగును. పిల్లలు నిష్కారణముగా విసుగుకొనుచున్నారనియు, ఎదురు మాటలాడుచున్నారనియు, చిన్న మాటకే కన్నీరు పెట్టుచున్నారనియు మాతో మొరపెట్టు తలిదండ్రులు, ముందుగా వారెన్ని గంటలు నిద్రించుచున్నారో లెక్కించి చూడవలెనని ప్రార్థన.

కర్తవ్యమేమి? తప్పు ముగ్గురిదైనపుడు దిద్దుబాటు ఎవరినుండి మొదలుకావలెను? బలవంతుని నుండి. ఈ ముగ్గురిలో బలవంతురాలు పాఠశాల. కావున మొదటి త్యాగము మేమే చేయవలెనని మా దృఢాభిప్రాయము. ఉదయపు స్టడీ అవరును వచ్చు సంవత్సరమునుండి ఎత్తివేయవలెను. ప్రతి తరగతి గోడకును ఒక పట్టిక తగిలించి, ఏ ఉపాధ్యాయుడెంత ఇంటిపని యిచ్చెనో అందరికిని కనబడునట్లు వ్రాయవలెను. అన్నియు కూడి గంటన్నర మించరాదు. ఆటల పీరియడును ఆటలకే విడువవలెను. కునికినవానిని దండించుటకు ముందు, “రాత్రి ఎప్పుడు పరుంటివి? ఉదయము ఏమి తింటివి?” యని రెండు ప్రశ్నలు అడుగవలెను.

తలిదండ్రులకు మా విన్నపములు రెండే. రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటిలోని సెల్‌ఫోనులన్నియు ఒక గూటిలోనికి చేరవలెను. అందు మొదట చేరునది తండ్రిగారి ఫోనై యుండవలెను. తాను చూచుచు బిడ్డను వలదనుట సాగునది కాదు. రెండవది, ఇంటిపనులను ఆడుబిడ్డకును మగబిడ్డకును సమముగా పంచవలెను. ఇల్లు ఒకే గదియైనను టెలివిజను కట్టివేయుటకు డబ్బు ఖర్చు కాదు.

చిరంజీవులగు విద్యార్థులారా! మీకొక మాట. పరీక్షకు ముందు రాత్రియంతయు మేలుకొంటినని చెప్పుకొనుట గొప్ప కాదు. అది చేనునకు నీరు పెట్టవలసిన దినములలో పెట్టక, కోతనాడు కాలువ తెగగొట్టుట వంటిది. అర్ధరాత్రివరకు స్నేహితుల సందేశములకు బదులీయకున్న స్నేహము చెడదు. చెడినచో అది స్నేహము కాదు.

మేము బల్లయెక్కించిన బాలుని గూర్చి పాఠకులు తెలిసికొనగోరుదురు. మరునాటినుండి వానికి స్టడీ అవరు మినహాయింపబడినది. టెలివిజను సంగతి వాని తల్లితో మాటలాడితిమి. ఆమె మారుమాట లేక అంగీకరించెను. వాడిప్పుడు బండియొద్దనే నాలుగు ఇడ్డెనలు తిని, తొమ్మిదింటికి నెమ్మదిగా నడచి వచ్చుచున్నాడు. మొదటి పీరియడులో ప్రశ్నలడుగుచున్నాడు. వానిలో కొన్నిటికి మేమే తడుముకొనవలసి వచ్చుచున్నది. వానికొక్కనికి చేసినది అందరికిని ఏల చేయరాదని మమ్ము మేమే ప్రశ్నించుకొనుచున్నాము. తలిదండ్రులును, సహోపాధ్యాయులును, పాఠశాల పాలకవర్గమువారును ఈ ప్రశ్నను తమదిగా భావింతురు గాక యని కోరుచున్నాము.