ఉలి మారినా కొలత మారదు
ఆళ్లగడ్డ శిల్పులు ఉలి, సుత్తి పక్కన కరెంటు కట్టర్లు కూడా పెట్టుకున్నారు. విగ్రహం కొలతల లెక్క అయిన తాళమానం మాత్రం మారలేదు. పాత ప్రాజెక్టును సీ ప్లస్ ప్లస్ కొత్త ప్రమాణానికి మార్చడమూ అలాంటిదే: పనిముట్టు మారాలి, ప్రోగ్రాం ఇచ్చే జవాబు మారకూడదు. 2011 నుంచి మూడేళ్లకోసారి కొత్త ప్రమాణం వస్తోంది. అందులోని ‘ఆటో_పీటీఆర్’ అనే పాత పాయింటర్ రకాన్ని 2011లోనే వద్దన్నారు, 2017లో తీసేశారు. ఆరేళ్ల గడువు చాలదా? నడుస్తోంది కదా అని వదిలేస్తే పనంతా ఒక్కసారే మీద పడుతుంది. ముందు టెస్టులు రాసుకోండి, కంపైలర్ హెచ్చరికలు చదవండి, ఒక్కో ఫైలూ సరిచేసుకుంటూ రండి. నంద్యాల ఇంజినీరింగ్ పిల్లలకూ ఒక మాట: 1998 నాటి తొలి ప్రమాణం కన్నా పాతదైన టర్బో సీ ప్లస్ ప్లస్ కంపైలర్ నీలితెర మీద నేర్చుకున్నది పునాదికి పనికొస్తుంది, ఉద్యోగానికి చాలదు.