ముందు గవ్వలు, తర్వాత సూత్రం

పిల్లలూ! మీలో అష్టాచెమ్మా ఆడనివాళ్ళు తక్కువమందే ఉంటారనుకుంటాను. నాలుగు గవ్వలు గుప్పిట పట్టి, గలగలలాడించి నేలమీద వేస్తాం. ఒకటి వెల్లకిలా పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. అందరూ చెమ్మో, అష్టో పడాలనే కోరుకుంటారు. కాని రెండు పడినంత తరచుగా అవి పడవు. ఎందుకని?

ఈ ప్రశ్న వేసుకున్నారంటే మీరు గణితంలో ఒక ముఖ్యమైన శాఖలోకి అడుగుపెట్టినట్టే. దాని పేరు సంభావ్యత. పదో తరగతి లెక్కల పుస్తకంలో ఈ పేరుతో ఒక పాఠమే ఉంది. ఆ పాఠం చెప్పే పద్ధతి మారాలని నా అభిప్రాయం. అది మీకూ, మీ మాస్టార్లకూ చెబుదామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇప్పుడు పాఠం చాలా చోట్ల ఇలా సాగుతుంది. మాస్టారు ముందుగా నల్లబల్లమీద సూత్రం రాస్తారు. అనుకూల పర్యవసానాల సంఖ్యను మొత్తం పర్యవసానాల సంఖ్యతో భాగిస్తే సంభావ్యత వస్తుందంటారు. వెంటనే పేకముక్కల లెక్కలు. 52 ముక్కల్లో ఒకటి తీస్తే అది రాజు అయ్యే సంభావ్యత ఎంత? 4/52, అంటే 1/13. ఎన్నడూ పేకముక్క చూడని అమ్మాయి కూడా ఈ జవాబు రాసి మార్కులు తెచ్చుకుంటుంది. ఒక్క నాణెమైనా ఎగరెయ్యకుండానే పాఠం ముగుస్తుంది. మొదట్లో నేనూ అలాగే చెప్పాను.

ఇందులో నష్టమేమిటి? దాలంబేర్ అనే ఫ్రెంచి గణిత శాస్త్రజ్ఞుడి కథ వినండి. ఆయన సామాన్యుడు కాదు, యూరప్ అంతా గౌరవించిన పండితుడు. 1754లో ఒక విజ్ఞానసర్వస్వానికి రాసిన వ్యాసంలో ఆయన ఈ ప్రశ్న తీసుకున్నాడు. నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే ఒక్కసారైనా బొమ్మ పడే సంభావ్యత ఎంత? ఆయన ఇలా ఆలోచించాడు: మొదటిసారే బొమ్మ పడితే ఇక రెండోసారి ఎగరెయ్యనక్కరలేదు. కనుక బొమ్మ, బొరుసు తర్వాత బొమ్మ, రెండుసార్లూ బొరుసు - ఈ మూడే పర్యవసానాలు. అందులో రెండు అనుకూలం. కాబట్టి జవాబు 2/3.

ఇది తప్పు. సరైన జవాబు 3/4. ఆ మూడు పర్యవసానాలూ సమానమైనవి కావు. మొదటిసారే బొమ్మ పడటం సగంసార్లు జరుగుతుంది. మిగిలిన రెండూ కలిసి ఇంకో సగం. పర్యవసానాలన్నీ సమసంభవాలైతేనే సూత్రం పనిచేస్తుంది. ఆ షరతు పుస్తకంలో ఉంటుంది, కాని సూత్రం బట్టీపట్టేవాళ్ళ కంటికి ఆనదు.

అంతటి పండితుడు చేసిన తప్పును మీ తరగతి అరగంటలో పట్టుకోగలదు. నలభైమంది పిల్లలు తలా 25 సార్లు ఈ ఆట ఆడితే మొత్తం వెయ్యి ఆటలు. దాలంబేర్ చెప్పింది నిజమైతే సుమారు 667 ఆటల్లో బొమ్మ కనిపించాలి. మీకు వచ్చే లెక్క 750కి దగ్గరగా ఉంటుంది. ఎవరు ఒప్పో నాణెమే తేల్చేస్తుంది.

ఇలా లెక్కపెట్టడం పిల్లల ఆట అనుకోకండి. జాన్ కెరిచ్ అనే గణితాచార్యుడు రెండో ప్రపంచయుద్ధ కాలంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉండిపోయాడు. అక్కడ ఆయన నాణేన్ని 10,000 సార్లు ఎగరేసి ఫలితాలన్నీ రాసిపెట్టాడు. బొమ్మ 5,067 సార్లు పడింది. పదిసార్లు ఎగరేస్తే ఏడుసార్లు బొమ్మ పడినా ఆశ్చర్యం లేదు. పదివేలసార్లకు మాత్రం లెక్క సగానికి దగ్గరవుతుంది.

మళ్ళీ మన గవ్వలకు వద్దాం. గవ్వలకు బదులు నాలుగు నాణేలు వేస్తే 16 పర్యవసానాలు. అందులో చెమ్మకు ఒక్కటి, అష్టకు ఒక్కటి, రెండుకు ఆరు. మరి గవ్వలకు? గవ్వకు రెండు వైపులూ ఒక్కలా ఉండవు. అది వెల్లకిలా ఎన్నిసార్లు పడుతుందో ఏ సూత్రమూ ముందుగా చెప్పలేదు. రెండువందలసార్లు వేసి లెక్కపెట్టాల్సిందే.

ఇదంతా ఆటల కోసమేనా? కాదు. మా వీధిలో ఒక ఇల్లాలికి వరుసగా ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు. "ఈసారి మగపిల్లాడే, మూడుసార్లయింది కదా!" అన్నారు ఇంట్లో పెద్దలు. నాలుగోసారీ ఆడపిల్లే పుట్టింది. నిందంతా ఆ తల్లిమీదే పడింది. ఆ పిల్లల తండ్రి సంభావ్యత పాఠం చదివి పరీక్ష ప్యాసైనవాడే! పాఠం పరీక్ష దాటి ఇంటిదాకా రాలేదు.

తరగతిలో నాణేలు ఎగరేసినప్పుడు మరో పని చెయ్యండి. వరుసగా మూడు బొమ్మలు పడినచోటల్లా నాలుగోది ఏం పడిందో చూడండి. తరగతి మొత్తానికి లెక్క కలిపితే దాదాపు సగంచోట్ల బొమ్మ, సగంచోట్ల బొరుసు ఉంటాయి. వెనక ఏం పడిందో నాణేనికి గుర్తుండదు. కాన్పూ అంతే. ముందు ఎవరు పుట్టినా ప్రతిసారీ అవకాశం దాదాపు సగం సగమే. పుట్టేది ఆడో మగో నిర్ణయమయ్యేది తండ్రి నుంచి వచ్చే కణాన్నిబట్టి. తల్లిని నిందించడానికి లెక్కల్లోనూ ఆధారం లేదు, జీవశాస్త్రంలోనూ లేదు.

"సిలబస్ ముగించడానికే సమయం చాలదు, గవ్వలు ఎక్కడ వేయిస్తాం?" అని కొందరు మాస్టార్లు అంటారు. రెండు పీరియడ్లు చాలు. ఆ తర్వాత సూత్రం చెప్పడానికి పావుగంట కూడా పట్టదు, ఎందుకంటే పిల్లలు దాన్ని అప్పటికే సగం కనిపెట్టి ఉంటారు. "బడిలో జూదం నేర్పుతారా?" అని మరికొందరి అభ్యంతరం. నిజానికి జూదానికి విరుగుడే ఈ లెక్క. పది రూపాయల టిక్కెట్లు లక్ష అమ్మి, ఒకే ఒక్క బహుమతిగా అయిదు లక్షలు ఇచ్చే లాటరీ ఉందనుకోండి. వసూలైంది పది లక్షలు. అంటే పది రూపాయల టిక్కెట్టు సగటు విలువ అయిదు రూపాయలే. ఈ లెక్క వేయగలిగినవాడు ఫోనులో డబ్బు ఆటలకు రమ్మని పిలిచినా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

అందుకే మాస్టార్లకు నా మనవి: ముందు గవ్వలు వేయించండి, తర్వాత సూత్రం చెప్పండి. పిల్లలూ! మీరు మాత్రం ఆ పాఠం వచ్చేదాకా ఆగకండి. ఈ ఆదివారమే నాలుగు గవ్వలు, ఒక నోటుపుస్తకం తీసుకొని కూర్చోండి. మీ గవ్వలకు చెమ్మ ఎక్కువా, అష్ట ఎక్కువా? అది చెప్పగలిగేది మీరే.