ముసుగు తీసిన దయ్యము



గత మాసమున పిల్లల పుస్తకములను గూర్చి ముచ్చటించుకొంటిమి. పుస్తకముల మాట యట్లుండగా, బిడ్డలు టెలివిజను ముందు కూర్చుండి చూచెడి కార్టూను బొమ్మల మాటయేమి యని మా బీర్కూరులోని యిరుగుపొరుగు తల్లులు పలుమారు అడుగుచుందురు. అన్నిటిని ఒక్క గాట గట్టి నిందించుట ధర్మము గాదు. వానిలో ఏబది యేండ్లు దాటియు ముదిమి యెరుగని కథ యొకటి గలదు. తల్లిదండ్రులు బాల్యమున చూచిన దానినే నేడు బిడ్డలును చూచుచున్నారు. దాని పేరు స్కూబీ డూ. అది యింతకాల మేల నిలిచినది, దానివలన మన యిండ్లకు కలుగు మేలేమి యను సంగతిని ఈ మాసము విచారింతము.

ఈ బొమ్మల కథ మొట్టమొదట అమెరికా దేశమున 1969 సెప్టెంబరు 13వ తేదీని సి.బి.యస్. టెలివిజనులో ప్రసారమైనది. దానిని కల్పించినవారు జో రూబీ, కెన్ స్పియర్స్ అను నిరువురు. పాత్రల రూపములు దీర్చినవాడు ఇవావో తకమోతో. నిర్మించినది హనా, బార్బెరా అను వారి సంస్థ. టామ్, జెర్రీ యను పిల్లి యెలుకల జంటను సృజించినవారు వీరే. మనదేశమునకు 1995లో కార్టూన్ నెట్‌వర్క్ వచ్చిన పిదప ఈ కుక్క మన యిండ్లలోనికిని వచ్చినది. పిమ్మట తెలుగు మాటలును నేర్చినది.

ఈ కథ పుట్టుకలో తల్లుల పాలును గలదు. ఆ కాలమున అక్కడ శనివారపు టుదయములందు పిల్లలకై వచ్చెడి బొమ్మలలో కొట్లాటలు మితిమీరెను. 1968లో మసాచుసెట్స్ రాష్ట్రమున కొందరు తల్లులు సంఘముగా నేర్పడి, పిల్లల కార్యక్రమములు బాగుపడవలెనని గట్టిగా నడిగిరి. అట్టి యభ్యంతరములు నలుదెసల వినవచ్చుచుండగా సి.బి.యస్. అధికారి యగు ఫ్రెడ్ సిల్వర్మన్ కొట్లాటలు లేని కథ కావలెనని కోరెను. తొలుత సిద్ధపరచినది పిల్లలను మిక్కిలి భయపెట్టునట్లున్నదని పైవారు త్రోసిపుచ్చిరి. అంతట వెనుక నున్న కుక్కను ముందునకు దెచ్చి, భయమునకు నవ్వును జోడించిరి. ఇంటిలో కూర్చుండిన స్త్రీల మాట యెంతదూరము పోగలదో దీనివలన తెలియుచున్నది గదా!

కథ మిక్కిలి సులభము. ఫ్రెడ్, డాఫ్నీ, వెల్మా, షాగీ యను నలుగురు పడుచువారు స్కూబీ యను పెద్దకుక్కతో వ్యానెక్కి ఊరూర దిరుగుదురు. పోయిన చోటనెల్ల ఏదో యొక దయ్యము. జనులు పారిపోవుచుందురు, వీరు ఆనవాళ్లు వెదకుదురు. తుదకు వల పన్ని పట్టి ముసుగు లాగగా లోపల నున్నవాడు మనుష్యుడే! మొదటి కథయందు చిత్రశాలలో నల్లని యినుప కవచము రాత్రివేళ తనంత నడచుచున్నదని భయము. ఆ శాలాధికారియే దానిని తొడిగికొని, అసలు పటములను దొంగిలించి నకళ్లను వ్రేలాడగట్టుచుండెనని తుదకు తేలినది. తక్కిన కథలలోను ఇంతే. ఒకడు భూమిని కాజేయుటకును, ఒకడు దాచిన నిధికొరకును, ఒకడు దొంగనోట్ల గుట్టు దాచుటకును దయ్యపు వేషము వేయును. దయ్యము వెనుక లాభము, లాభము వెనుక మనుష్యుడు.

తుది యెరిగిన కథను పిల్లలు మరల మరల ఏల చూతురని కొందరి ప్రశ్న. హరికథకు పోవువారికి సీతమ్మ దొరకునని తెలియదా? తెలిసియే పోవుదురు. తుది తెలిసిన ధైర్యముతో నడిమి భయము ననుభవించుట యొక సుఖము. మరియొక విశేషము గలదు. షాగీయు, స్కూబీయు పరమ పిరికివారు. తినుబండారము చూపిన గాని అడుగు కదపరు. అయినను వారిని ఎవ్వరును వెలివేయరు. భయపడుట తప్పుగాదు, భయపడుచునే ముందునకు పోవచ్చునని బిడ్డ యెవరును బోధింపకయే నేర్చుకొనును. అద్దముల పిల్ల వెల్మా తన బుద్ధిచేతనే చిక్కు విప్పుట మన యాడుబిడ్డలకు వేయి నీతుల పెట్టు.

ఇది మనకు క్రొత్త విద్య కాదు. బంగారులేడిని చూచి లక్ష్మణుడు ఇది మారీచుని మాయ యని పసిగట్టలేదా? వెల్మాకంటె ఎంతయో ముందు దమయంతి కలదు. నలుని రూపు దాల్చిన దేవతలను రెప్పపాటు లేకుండుట, చెమట పట్టకుండుట, పాదము నేలనంటకుండుట యను గురుతులచే వేరుపరచినది. పిదప బాహుకుడు నలుడేమో యను సందేహము కలుగగా, కేశినిని పంపి వాని నడవడి కనిపెట్టించి, వాడు వండిన వంటను తెప్పించి రుచి చూచినది. మర్యాదరామన్న తీర్పులును, తెనాలి రామలింగని యుక్తులును ఈ దారివే. మన పెద్దలు పడుచుతనమున దాచుకొని చదివిన కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధరును ఆ వంశమువాడే.

ఇక మాకు ముఖ్యముగా తోచిన సంగతి. మన తెలంగాణ పల్లెలలో బాణామతి, చేతబడి యను మాటలు ఇంకను చావలేదు. బిడ్డకు జబ్బు చేసిన, పశువు పాలీయకున్న, ఒంటరిగా బ్రతుకు ముసలమ్మ మీదికి వ్రేలు చూపువారు కలరు. ఆ నెపమున కొట్టుటయు, ప్రాణములు తీయుటయు పలుమారు జరిగినది. మంజీర యొడ్డున వరిమళ్లలో పాము కరచినప్పుడు మంత్రగాని కొరకు పరుగెత్తి, ఆసుపత్రిలోని విరుగుడు మందునకు సమయము మించనిచ్చువారును కలరు. ఇట్టిచోట దయ్యము ముసుగు లాగి చూడవలె నను కథ వట్టి వినోదము గాదు. కార్ల్ సాగన్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు ఈ బొమ్మలకథను మెచ్చుకొని, పెద్దలకును ఇట్టిది యుండిన లోకమునకు సేవయగునని వ్రాసెను.

నిందింపదగినవియు లేకపోలేదు. 1985లో వచ్చిన పదమూడు దయ్యముల వరుస మొదలుగా కొన్నింటిలో నిజమైన దయ్యములనే చూపిరి. అవి మూలసూత్రమునకు విరుద్ధము. గంటలకొలది చూచుట కన్నులకును చదువునకును చేటు. కావున దినమునకు ఒక కథ చాలును. అదియు తల్లి ప్రక్కన కూర్చుండి. ముసుగు తీయుటకు ముందు బొమ్మను నిలిపి, "దీనివలన లాభమెవరికి? ఏ యానవాలు చూచితివి?" అని యడుగుడు. బిడ్డ తప్పు చెప్పినను నవ్వవలదు. ఏల యట్లు తోచినదో చెప్పింపుడు. ఆనవాలు లేనిదే ఎవరి మీదను నేరము మోపరాదని కూడ చెప్పుడు.

మరియొక మనవి. అన్నము తినని బిడ్డను బూచి వచ్చునని బెదరించుట మన యిండ్లలో మానవలెను. పగలు బూచిని మనమే కల్పించి, సాయంకాలము టెలివిజనువారిచేత దానిని చంపించుట యేమి న్యాయము? నేడు బూచికి జడిసిన బిడ్డయే రేపు పెద్దయై ముసలమ్మ మీదికి రాయెత్తు గుంపులో నిలుచును. అట్లు గాక, "ఆ ముసుగు తీసి చూతము" అని ముందునకు వచ్చు బిడ్డ యొక్కడు ప్రతి యింట నున్న, ఏ యూరిలోను ఏ ముసలమ్మకును భయముండదు.